ఉత్తరాంధ్రను 54 ముక్కల్లోకి తెచ్చిన నా అనుభవం

సంక్రాంతికి మా ఇంట్లో పేకాట ఉంటుంది. డబ్బులు పెట్టరు. భోజనాలయ్యాక నాన్న, బాబాయిలు, మావయ్య చాప పరుచుకుని రమ్మీకి కూర్చుంటే దీపాలు పెట్టే వేళ దాకా లేవరు. రెండేళ్ల కిందట ఆ చాప మీద ముక్కలు పంచుతుంటే ఒక ఆలోచన వచ్చింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఈ రాజు, రాణి, జాకీల్లో ఒక్క ముఖమూ మావైపు ముఖం కాదే అని. మా ఉత్తరాంధ్ర బొమ్మలతో ఒక పేక గీయాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఉద్యోగం బెంగళూరులో. రాత్రిళ్లు బొమ్మలు వేయడం నాకు ఎప్పటి నుంచో అలవాటు.

మొదట చూడదగ్గ చోట్లన్నీ గీశాను. బొర్రా గుహలు, భీమిలి తీరం, కళింగపట్నం లైట్‌హౌస్, విజయనగరం గంటస్తంభం. ఆఠీను రాజుకి పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను వేశాను. మూడు నెలల్లో ఇరవై బొమ్మలయ్యాయి. ప్రింట్ తీసి, అట్టకు అతికించి, ఊరెళ్లినప్పుడు నాన్న చేతిలో పెట్టాను.

ఆయన ఒక్కో బొమ్మా మెచ్చుకుంటూ చూశారు. తర్వాత పదమూడు ముక్కలు తీసి ఆటకు పట్టుకున్నట్టు చేతిలో పరిచారు. "బాగున్నాయిరా. కానీ ముక్క చేతిలోకి వచ్చాక కనబడేది ఈ మూలే కదా" అన్నారు. నిజమే. ముక్క వెడల్పు 63 మి.మీ., పొడవు 88. పదమూడు పరిస్తే ఒక్కోదానికి ఎడమ అంచున సెంటీమీటరు కనబడితే ఎక్కువ. ఆ సెంటీమీటరులో నేను అంకెను అలల మధ్య, గుర్తును చెట్టుకొమ్మల్లో కలిపేశాను. ఆఠీను ఆరు ఏదో, డైమను ఆరు ఏదో ఆయనకు తెలియలేదు.

ఇంకో చిక్కు కూడా అప్పుడే బయటపడింది. రాజు, రాణి, జాకీ ఎటు తిప్పినా ఒకలాగే ఉండాలి. ముక్క తలకిందులుగా వచ్చినా తిప్పుకోనక్కర్లేకుండా ఉంటుంది, మన దగ్గర బొమ్మముక్క ఉందని ఎదుటివాళ్లకు తెలిసిపోదు. గంటస్తంభాన్ని సగానికి కోసి రెండో సగం తలకిందులుగా అతికిస్తే అది గంటస్తంభం కాదు. సముద్రమూ అంతే, ఆకాశం కింద ఇంకో ఆకాశం వచ్చి చేరుతుంది.

ఇక అమ్మ సిరిమాను ముక్క చూసి మాట్లాడకుండా పక్కన పెట్టింది. కాసేపయ్యాక, "ఇదేటిరా, అమ్మోరిని తెచ్చి పేకముక్క మీద పెడతావా?" అంది. నేను దశావతార గంజిఫా అనే పాతకాలపు పేకాట గురించి చెప్పాను. పది అవతారాలకు పన్నెండేసి చొప్పున 120 గుండ్రటి ముక్కలు, దేవుళ్ల బొమ్మలతోనే ఆడేవారని. అమ్మ విని, "వాళ్లెలా ఆడుకున్నారో నాకు తెలీదు. మనింట్లో ముక్కలు కాళ్ల దగ్గరే పడతాయి" అంది. నాకు ఇంకేం అనాలనిపించలేదు. దేవుళ్లు, గుళ్లు ఈ పేకలో ఉండవని ఆ పూటే అనుకున్నాను.

దాంతో ఇరవై బొమ్మలూ పక్కకు పోయాయి. నెల రోజులు ఏమీ గీయలేదు. చాలా బాధగా ఉండేది.

దారి చూపించినవి మా షోకేసులో ఉన్న ఏటికొప్పాక రాజు, రాణి బొమ్మలు. అంకుడు కర్రను తిరుగుడుకు బిగించి, అది తిరుగుతుండగానే లక్క అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు పెడతారు. తిరుగుతూ తయారైన బొమ్మ కాబట్టి ఎటు నుంచి చూసినా ఒకే గుండ్రన, నడుము దగ్గర సన్నటి గాడి. ఆ గాడి దగ్గర సగం చేసి, రెండో సగాన్ని తలకిందులుగా కలిపి చూశాను. ఇట్టే కుదిరింది! నడుము దగ్గర అతుకు కూడా కనబడలేదు. మా ప్రాంతాన్ని చోట్లలో కాకుండా చేతిపనుల్లో వెతకాలని నాకు అక్కడ అర్థమైంది.

ఆఠీను మొత్తం ఏటికొప్పాకకు ఇచ్చాను. డైమను బొబ్బిలి వీణకు. పనసకర్ర వీణను ముక్కలో ఐమూలగా పెట్టాను. కుండ ఒక మూలకు, వీణ చివర ఉండే యాళి (సింహంలాంటి కల్పిత జంతువు) తల ఎదురు మూలకు చేరాయి. రాణి వీణ మీటుతుంది, జాకీ ఉలితో కర్ర చెక్కుతాడు. కళావరు అరకుది. జాకీ చేతిలో తుడుము అనే వాయిద్యం, రాణి అక్కడి గిరిజనుల థింసా నాట్యంలో వరసలో ఆడే అమ్మాయి. ఒకరి నడుము ఒకరు పట్టుకుని కదిలే ఆ వరసను ఒక్క మనిషితో చూపించడం కష్టం. అంచుల్లో పక్కవాళ్ల చేతులు మాత్రం గీసి వదిలేశాను. ఈ పేకలో నాకు బాగా నచ్చిన ముక్క అదే.

ఇస్పేటు పొందూరు ఖద్దరుకు పెట్టుకున్నాను. మా అమ్మమ్మది పొందూరు. అక్కడ పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను దువ్వెనలా వాడతారు. ఇస్పేటు ఆసు మీద ఆ దవడ ఒక్కటే పెద్దగా వేశాను. ఆసుల్లో ఇస్పేటుకే పెద్ద బొమ్మ వేసే అలవాటు ఇంగ్లండు నుంచి వచ్చింది. పేక మీద పన్ను కట్టారని చూపే ముద్ర 1765 నుంచి ఆ ముక్క మీదే ఉండేది. ఆ చోటు మా చేప దవడకు దక్కినందుకు సంతోషంగా ఉంది.

జోకర్లు ఏ గుర్తుకూ చెందవు. అందుకే టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పక్షులకు ఇచ్చాను. ఒకటి పెలికాన్, ఇంకొకటి ఎర్రకాళ్ల కొంగ.

మూలల్లో అంకెలు, గుర్తులు మాత్రం అందరికీ తెలిసినవే ఉంచాను. ఈసారి వాటి జోలికి పోలేదు.

అచ్చు దగ్గర చాలా టెన్షన్ పడ్డాను. మొదటి ప్రెస్‌లో మామూలు అట్ట మీద వేశారు. దీపం ముందు పట్టుకుంటే వెనక నుంచి బొమ్మ తెలిసిపోతోంది. పేకముక్కల అట్టకు రెండు పొరల మధ్య నల్లటి జిగురు పొర ఉంటుందని అప్పుడే తెలుసుకున్నాను. లక్క ఎరుపు కూడా కాగితం మీద చచ్చిపోయి ఇటుక రంగులోకి దిగింది. రంగు ఎంత మార్చినా లాభం లేకపోయింది. చివరికి బొమ్మ భుజం పక్కన సన్నటి తెల్ల గీత వదిలాను. ఆ మెరుపుతో లక్క లక్కలా కనిపించింది.

రెండో చోట అట్ట బాగుంది. కానీ వెనకవైపు నేను వేసిన సన్నటి తెల్ల అంచు కోతలో అర మిల్లీమీటరు అటూ ఇటూ జరిగింది. నాన్న నాలుగు ఆటలు ఆడి, "ఇది డైమను తొమ్మిది" అని బోర్లా ఉన్న ముక్కను చూపించారు. తిప్పితే అదే. అలాంటి పేకతో ఎవరు ఆడతారు? అంచు తీసేసి, ఖద్దరు నేతలా అడ్డం నిలువు దారాలు వెనకంతా నింపి, కోతకు 3 మి.మీ. అదనంగా వదిలాను. నేత అంతటా ఒకటే కాబట్టి కత్తి కాస్త జరిగినా తేడా తెలియదు.

ఈ సంక్రాంతికి రెండు పేకలు చాప మీదకు వచ్చాయి. బాబాయి మొదటి ఆటలోనే థింసా రాణిని పారేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది, కానీ అది ఆట. మధ్యలో అమ్మ వచ్చి కూర్చుని ఇస్పేటు ఆసు తీసుకుంది. వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూసింది. "పళ్లు ఇంత పెద్దగా ఉండవురా. అమ్మమ్మ దగ్గరున్నది వేలితో రాస్తే గరగరలాడేది, అంతే" అంది. పేక పెట్టె వెనక్కి తిప్పి ఇచ్చి, పెన్నుతో చూపించమన్నాను. సన్నగా, దగ్గరదగ్గరగా చుక్కలు పెట్టింది, గీతలు కూడా కాదు. ఆ పెట్టె ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఆసు మళ్లీ గీస్తున్నాను.