స్విమ్మింగ్ పూల్ కావాలని సంతకం పెడితే "టెనెంట్" అని కొట్టేశారు

నిన్న సాయంత్రం ఒక కొలిక్కి వచ్చింది కాబట్టి, కోపం చల్లారకముందే రాసేస్తున్నా. మాది కృష్ణా డెల్టాలో ఓ చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను, చెబితే మా ఇంటి ఓనరు గారు నొచ్చుకుంటారు. నేను ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. ఈ కాలనీలో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్నాం. ఈ అద్దె సంగతి గుర్తుపెట్టుకోండి, నా ఏడుపంతా దాని మీదే.

ఫిబ్రవరిలో ఓ పొద్దున ఇద్దరు కుర్రాళ్లు టేపు పట్టుకొచ్చి పార్కులో వేపచెట్ల పక్కన కొలిచి, సున్నంతో గీతలు గీసి వెళ్లిపోయారు. ఎందుకని అడిగితే స్విమ్మింగ్ పూల్ అన్నారట. సాయంత్రానికి కాలనీ రెండుగా చీలింది. చెట్లన్నీ కొట్టేస్తారట అని ఒకరు, నీళ్లు రోజూ మారుస్తారు మన బోర్లు ఎండిపోతాయి అని ఇంకొకరు, మగపిల్లలు నిక్కర్ల మీద తిరుగుతుంటే మా మనవరాలు ట్యూషన్‌కి ఎట్లా వెళ్తుందని పక్కింటి పిన్నిగారు. వాకింగ్‌కొచ్చే ఓ పెద్దాయన మాత్రం బెజవాడ గాంధీనగర్‌లో సర్ విజ్జీ పేరుతో ఉన్న మున్సిపల్ పూల్‌లో నేర్చుకున్నానని, అక్కడ ఏ కొంపా మునగలేదని చెప్పేవాడు. ఆయన మాట ఎవరూ వినలేదు.

అసలు భయం ఏమిటో బెంచీల దగ్గర గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. "పూల్ వస్తే కాలవగట్టు పిల్లలంతా ఇక్కడే ఉంటారు." ఆ పిల్లల తల్లులే కదండీ మీ ఇళ్లల్లో అంట్లు తోముతున్నది? పొద్దున్నే వాళ్లొచ్చి మీ వంటిల్లు కడిగితే పర్లేదు గానీ, వాళ్ల పిల్లాడు మీ పిల్లాడున్న నీళ్లలో దిగితే మైలా? ఇది నేను బయటికి అనలేదులెండి, మనసులో అనుకున్నా.

నాకు పూల్ ఎందుకు కావాలో చెబుతా. మా వాడు ఎనిమిదో తరగతి. ఈత రాదు. కానీ కాలవకి వెళ్తాడు. వెళ్లలేదని ఒట్టేస్తాడు, తల కూడా తుడుచుకునే వస్తాడు, కానీ చెవుల వెనక ఎండిన ఒండ్రు ఉంటుంది, అది తుడుచుకోవాలని వాడికి తోచదు. మూడేళ్ల కిందట జూన్‌లో కాలవలకి నీళ్లొదిలిన వారానికి మా వీధి చివరింటి పిల్లాణ్ణి లాకుల దగ్గర బయటికి తీశారు. ఆ రోజు నుంచీ మా వాడు బడి నుంచి రావడం ఆలస్యమైతే నేను ముందు చూసేది చెవుల వెనకే.

సరే, విషయానికొస్తా. ముందు వార్డు సచివాలయానికి వెళ్లా, మాకేం తెలీదు పైనుంచి వచ్చిందన్నారు, వచ్చేశా. తర్వాత సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టా. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ఒక తెల్లకాగితం, అంతే. "ఇవన్నీ మీకెందుకమ్మా?" అని సీట్లో ఉన్నాయన అడిగాడు. ఎందుకో చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉంది, 6(2) చూడండి అన్నా. ఆ నంబరు ముందు రోజు రాత్రి బట్టీ పట్టానులెండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఇరవై ఏడో రోజున వచ్చి ఫైలు చూసుకోండని ఉత్తరం వచ్చింది. ఓ సలహా: కాగితాలు పంపమని మాత్రమే కాకుండా ఫైలు చూస్తామని కూడా రాయండి. మొదటి గంట ఉచితం. అడిగిన కాగితమే ఇస్తారు, అడగని కాగితంలో అసలు సంగతి ఉంటుంది.

ఆ గంటలో నాకు మూడు దొరికాయి. ఒకటి, పార్కు స్థలం లేఅవుట్ వేసినప్పుడే మున్సిపాలిటీకి గిఫ్టు డీడ్ రాసిచ్చేశారు. మా అసోసియేషన్ వాళ్లు ఇన్నాళ్లూ "మా పార్కు, మేం కొన్న స్థలం" అంటున్నది ఉత్తదే. రెండు, సున్నం గీతల ప్రకారం కడితే రెండు వేపచెట్లు నిజంగానే పోతాయి, వద్దన్నవాళ్ల భయంలో ఆ మాత్రం నిజం ఉంది. మూడోది నాబోటి లెక్కలమనిషికే కనపడుతుంది. ఎస్టిమేట్‌లో టైల్స్ ఉన్నాయి, మోటార్లున్నాయి, ఫిల్టర్లున్నాయి, రంగురంగుల లైట్లు కూడా ఉన్నాయి, లైఫ్‌గార్డు జీతం అన్న వరుసే లేదు. క్లోరిన్‌కి లేదు, కరెంటు బిల్లుకి లేదు. కట్టడానికి డబ్బుంది, నడపడానికి లేదు. మా పార్కులో ఫౌంటెన్ కూడా అట్లాగే కట్టారు, రెండేళ్లు ఆడింది, ఇప్పుడు దాంట్లో కుక్కలు పడుకుంటున్నాయి.

నీళ్ల లెక్క కూడా నేనే వేశా, ఎవరూ వెయ్యలేదు. ఇరవై అయిదు మీటర్ల పొడవు, పది వెడల్పు, లోతు సగటున 1.2 మీటర్లు. అంటే మూడు లక్షల లీటర్లు, అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే అరవై. వినడానికి గుండె ఆగుతుంది గానీ అది మొదటిసారి నింపడానికే. ఆ నీళ్లే ఫిల్టర్‌లో తిరుగుతుంటాయి, రోజూ పారబొయ్యరు. ఎండకి ఎంత పోతుందో చూద్దామని మే నెలలో డాబా మీద పెద్ద బేసిన్‌లో నీళ్లు పెట్టి, మా వాడి స్కేలుతో పొద్దునా పొద్దునా కొలిచా. రోజుకి ఆరేడు మిల్లీమీటర్లు. ఆరు అనుకున్నా పూల్ మొత్తానికి పదిహేను వందల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన పదకొండు మంది వాడుకునే నీళ్లు. ఫిల్టర్ కడగడానికి ఇంకొంత వేసుకోండి. మా వీధిలో పొద్దున్నే పైపు పట్టుకుని సిమెంటు రోడ్డు కడిగే ఇళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టి అప్పుడు బోర్ల గురించి మాట్లాడమనండి.

ఇక మీటింగ్. మే చివరి ఆదివారం కమ్యూనిటీ హాల్లో పెట్టారు. ముందు రోజు రిజిస్టర్ ఇంటింటికీ తిప్పారు, కావాలనేవాళ్లు ఒక పేజీ, వద్దనేవాళ్లు ఒక పేజీ. కావాలనే పేజీలో పద్నాలుగోది నా సంతకం. నా లెక్కలన్నీ ఓ అట్టఫైల్లో పెట్టుకుని, మంచి చీర కట్టుకుని, మా వాణ్ణి కూడా తీసుకెళ్లా, అమ్మ మాట్లాడుతుంటే వింటాడని.

అసోసియేషన్ సెక్రటరీ గారు లెక్క చదివారు. వద్దని నలభై నాలుగు, కావాలని ముప్పై ఒకటి. ముందు రోజు రాత్రికి మా పేజీలో యాభై దాకా ఉన్నాయి, నేను కళ్లారా చూశా. లేచి అడిగా. ఆయన రిజిస్టర్ నా వైపు తిప్పారు. నా పేరు మీద ఎర్ర గీత. ఏదో కోపంలో కొట్టేసింది కాదు, స్కేలు పెట్టి, పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తిన్నగా గీసింది. పక్కన చిన్నగా "టె" అని రాసుంది. ఆ పేజీలో పంతొమ్మిది "టె"లు.

"ఇది ఓనర్ల మీటింగమ్మా, మీ ఓనరు గారిని పంపండి" అన్నారు. ఆయన హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటారండీ, ఈ పార్కు మొహం చూసి ఆరేళ్లయింది, రోజూ చూసేది మేమే కదా అన్నా. "మీరు ఇవాళ ఉంటారు, రేపు సామాను సర్దుకుని పోతారు. ఇక్కడ ఉండిపోయేది మేము" అన్నారు. వెనక వరసలో ఎవరో నవ్వారు. నా ఫైలు చేతిలోనే ఉంది. బేసిన్ లెక్క చెబుదామని నోరు తెరిచాను గానీ మాట రాలేదు. అప్పుడే కుర్రాడు టీ ట్రే తెచ్చాడు. "టీ తాగి వెళ్లమ్మా" అన్నారు సెక్రటరీ గారు, ఎంతో మర్యాదగా.

తాగాను. అదే నాకిప్పటికీ మింగుడుపడనిది. గ్లాసు ఆయన మొహాన కొట్టక్కర్లేదు, వద్దండీ అని లేచి రావచ్చు కదా. నిలబడి, ఊదుకుంటూ, మొత్తం తాగి, గ్లాసు ట్రేలో పెట్టి మరీ వచ్చాను. గుమ్మం దగ్గర మా వాడు చెప్పులు తొడుక్కుంటూ నా మొహం చూడలేదు. దారిలో "అమ్మా, మనం ఇల్లు ఎప్పుడు కొంటాం?" అన్నాడు. ఓనరు గారికి ఫోన్ చేస్తే "నాకెందుకమ్మా ఆ గొడవలు, వాళ్లతో మంచిగా ఉండు" అన్నారు.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మా వీధిలో రిటైరైన లాయరు గారింటికి వెళ్లా. ఆయన పూల్ వద్దనే పక్షం. మీటింగ్‌లో ఆయనే 1991 సుప్రీం కోర్టు తీర్పు ఒకటి చెప్పారట, పార్కులో ఏదీ కట్టకూడదని. అదేంటో నాకు చెప్పండి బాబాయ్ గారూ అన్నా. మనిషి నిజాయితీపరుడు, అబద్ధం చెప్పలేదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే ఆ చుట్టుపక్కల వాళ్లు కోర్టుకెళ్లారట, ఆ కేటాయింపు చెల్లదని తీర్పు. అది నర్సింగ్ హోమ్ కదండీ, ఇది జనం ఈత కొట్టేది కదా అంటే, "ఆ తేడా ఉందిలేమ్మా" అన్నారు. కోర్టుకి వెళ్లే హక్కు వాళ్లకెట్లా వచ్చిందండీ అంటే, ఆ ప్రాంతంలో నివసిస్తున్నారు కాబట్టి అన్నారు. నివసించేవాళ్లా, ఓనర్లా? ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని "నివసించేవాళ్లే" అన్నారు. ఆ మాట విన్నాక ఆ పూట కడుపు నిండా తిన్నా.

తర్వాతంతా తేలికే. ఆ పంతొమ్మిది మంది దగ్గరికీ, కాలవగట్టుకీ వెళ్లి సంతకాలు తెచ్చా, నూటపన్నెండు, అందులో పదహారు వేలిముద్రలు. పూల్ కావాలి, కానీ వేపచెట్ల దగ్గర కాదు, ఆ పాడుపడ్డ ఫౌంటెన్ జాగాలో కట్టండి, లైఫ్‌గార్డు జీతం ఎస్టిమేట్‌లో పెట్టండి, ఆడపిల్లలకి వేరే టైమ్ పెట్టండి. సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చా. రెండు కాపీలు తీసుకెళ్లండి, రెండో దాని మీద స్టాంపు వేయించుకోకుండా కదలకండి, తర్వాత చూస్తాం అన్నా సరే. ఇంకోటి, సంతకాల పక్కన డోర్ నంబర్లు రాయించండి, లేకపోతే దొంగ సంతకాలంటారు.

నిన్న ఇంజనీరు గారు వచ్చారు. ఫౌంటెన్ దగ్గర కొలిపించి, ఇక్కడైతే తవ్వే ఖర్చు కూడా కొంత కలిసొస్తుందన్నారు. సెక్రటరీ గారు వెంటనే "మొదట్నుంచీ మేం అదే మొత్తుకుంటున్నాం సార్" అన్నారు! ఎస్టిమేట్ మళ్లీ వేస్తారట, జీతాల సంగతి రాసుకున్నారు గానీ ఖాయమని చెప్పలేదు, కౌన్సిల్‌లో ఇంకా పెట్టాలట. చివర్లో స్థానికులు ఇద్దరు సంతకం పెట్టండని కాగితం చాపితే సెక్రటరీ గారు పెట్టారు, ఆయన చేతిలోని పెన్నే తీసుకుని నేనూ పెట్టా. పేరు, డోర్ నంబరు, పక్కన నేనే "టెనెంట్" అని పూర్తిగా రాశా.

కాలవకి నీళ్లొచ్చి వారమైంది. రాత్రి అన్నం పెడుతూ చూశా, మా వాడి ఎడమ చెవి వెనక మళ్లీ ఒండ్రు.