ఏ చెట్టు ఏం రాలుస్తుందో చూసి పిల్లల పార్కు వేద్దాం

కోతికొమ్మచ్చికి చెట్టు కావాలి, వామనగుంటలకీ అష్టాచెమ్మాకీ చింతపిక్కలు కావాలి, బొమ్మరిల్లుకి తడి ఇసుకా నాలుగు పుల్లలూ ఉంటే చాలు. మన ఆటలకి కావాల్సినవన్నీ ఏ చెట్టు కిందో, చేను గట్టు మీదో దొరికేవే. అందుకే పిల్లల పార్కు డిజైన్ అనగానే నేను ముందు అడిగేది ఒకటే, అక్కడ నాటబోయే చెట్టు ఏం రాలుస్తుంది, ఆ రాలినదాంతో పిల్లలు ఏం చేసుకోగలరు అని.

మొన్న మా కాలనీ పార్కు డ్రాయింగు చూశా. చుట్టూ వాకింగ్ ట్రాకు, మధ్యలో ఫౌంటెను, ఓ మూల రబ్బరు మ్యాట్ మీద ప్లాస్టిక్ జారుడుబల్ల, రెండు ఉయ్యాలలు. లాన్ ఉంది గానీ చుట్టూ కంచె. పిల్లలు చెయ్యి పెట్టి తవ్వుకోవడానికి గుప్పెడు మట్టి ఎక్కడా లేదు, పైగా హైదరాబాద్ ఏప్రిల్ ఎండకి ఆ మ్యాట్ మీద కాలు పెట్టగలమా అసలు?

డెన్మార్క్‌లో సోరెన్‌సెన్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ ఉండేవాడు. పద్ధతిగా కట్టిన ప్లేగ్రౌండ్ల కంటే బిల్డింగులు కట్టే చోట పడున్న చెక్కలూ ఇటుకలతోనే పిల్లలు ఇష్టంగా ఆడుతున్నారని ఆయన గమనించాడు, 1943లో దేశం జర్మన్ల చేతిలో ఉన్న రోజుల్లోనే కోపెన్‌హాగన్‌లోని ఎమ్‌డ్రుప్‌లో అలాంటి స్థలమే పిల్లలకి ఇచ్చారు. తర్వాత 1971లో సైమన్ నికల్సన్ అనే బ్రిటిష్ శిల్పి దీన్నే ‘లూజ్ పార్ట్స్’ సిద్ధాంతంగా రాశాడు, కదిపి మార్చుకోగలిగే వస్తువులు ఎంత ఎక్కువుంటే పిల్లల బుర్ర అంత పనిచేస్తుందని. ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ముంజెకాయల బండి. ముంజెలు తినేశాక మిగిలిన రెండు కాయల మధ్య పుల్ల గుచ్చి, పంగ ఉన్న పొడుగు కర్రతో తోసుకుంటూ పోవడమే. పుల్ల వంకరగా దిగితే బండి పక్కకి లాగేస్తుంది, అప్పుడు పిల్లాడు అక్కడే కూలబడి పుల్ల పీకి, కాయ తిప్పి చూసి, మళ్లీ గుచ్చుతాడు. జారుడుబల్లతో ఈ పని జరగదు, జారాలి మళ్లీ ఎక్కాలి అంతే.

చెట్ల సంగతికొస్తే, నన్నడిగితే మొదటి చెట్టు పొగడ. ఏడాది పొడుగునా చిక్కటి నీడ, కింద రాలిన పూలు ఏరి దండ గుచ్చుకోవచ్చు, వాడిపోయినా వాసన పోదు. చింత ఎదగడానికి ఏళ్లు పడుతుంది గానీ కొమ్మ గట్టిది, ఎక్కడానికి దాన్ని మించింది లేదు, పిక్కలు ఎలాగూ వస్తాయి. మునగ మాత్రం ఎక్కే చోట వద్దు, పుటుక్కున విరుగుతుంది. లేత టేకాకు నలిపితే అరచేయి ఎర్రగా పండుతుంది, తురాయి మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందేలు ఆడొచ్చు, కాకపోతే గాలివానకి తురాయి కొమ్మలు విరిగి పడతాయి కాబట్టి దాన్ని గోడవారగా పెట్టాలి. తడి తగలగానే టప్పుమని పేలే టపాకాయల మొక్క ఒక మడి నిండా ఉంటే చాలు పిల్లలు ఆ పూటకి ఇంటికి రారు!

గన్నేరు, పచ్చగన్నేరు మాత్రం పిల్లల దరిదాపుల్లో ఉండకూడదు. నీళ్లు పెద్దగా అక్కర్లేదని, పశువులు ముట్టవని మన పార్కుల్లో వరసగా వేసేస్తారు, కానీ ఆకు నుంచి గింజ దాకా విషమే, గుండె మీద పనిచేస్తుంది. ఉమ్మెత్త, గురివింద కూడా విషమే, అవీ వద్దు. వయ్యారిభామ పూతకి రాకముందే పీకించాలి, దాని పుప్పొడికి ఒళ్లు దురదలూ ఆయాసం కూడా వస్తాయి.

ఫౌంటెను బదులు ఒక బోరింగ్ పెట్టండి. పిల్లలే కొట్టుకోవాలి, ఆ నీళ్లు వాలుగా తవ్విన మట్టి కాలవలో పారాలి, వాళ్లు మట్టితో కట్ట వేస్తారు తెంచుతారు మళ్లీ వేస్తారు, చివరికి ఇంకుడుగుంతలోకి పోవాలి. ఎక్కడా నిలవ ఉండకూడదు, గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులే కాబట్టి.

ఇదంతా చెప్తుంటే మా పై ఫ్లాటు ఆవిడ అడిగారు, “మట్టిలో ఆడితే జబ్బులు రావా అన్నయ్యగారూ, పాములొస్తే?” అని. సరైన ప్రశ్నలే. పాముకి దాక్కునే చోటు లేకుండా చెయ్యడం డిజైన్‌లోనే ఉండాలి, రాళ్లగుట్టలు పెట్టకూడదు, పొదల కింది కొమ్మలు మోకాలి ఎత్తు దాకా కొట్టేయాలి, బెంచీ మీద కూర్చున్న అమ్మకి పిల్లలు కనపడుతూ ఉండాలి. ఇసుక తొట్టికి రాత్రి కప్పు వేస్తే పిల్లులు పాడుచెయ్యవు. మట్టి విషయంలో అయితే ఫిన్లాండ్ వాళ్లు 2020లో ఒక పరిశోధన బయటపెట్టారు, డేకేర్ ఆవరణల్లో అడవి నేల, గడ్డి తెచ్చి పరిచి పిల్లల్ని రోజూ ఆడనిచ్చారు. 28 రోజులకే చర్మం మీదా పేగుల్లోనూ ఉండే సూక్ష్మజీవుల్లో మంచి మార్పు వచ్చింది, రక్తపరీక్షల్లో రోగనిరోధక శక్తి సూచికలు కూడా మెరుగుపడ్డాయి. ఆడాక చేతులు కడుక్కోడానికి ఓ కుళాయి పెడితే సరిపోతుంది.

ఇంకోటి, ఇలాంటి చోటు అరిగిపోతుంది. తొక్కీ తొక్కీ నేల గట్టిపడి, వేళ్లకి గాలి అందక మొక్కలు ఎండిపోతాయి. మెల్‌బోర్న్ రాయల్ బొటానిక్ గార్డెన్స్‌లో 2004లో మొదలైన పిల్లల తోట ఉంది, అక్కడుండే మనవాళ్లు చాలామంది చూసే ఉంటారు, దాన్ని ఏటా చలికాలంలో దాదాపు రెండు నెలలు మూసేసి నేలకి రెస్ట్ ఇస్తారు. మన దగ్గర మొత్తం మూసేస్తే పిల్లలకి ఇంకో చోటు లేదు కాబట్టి స్థలాన్ని రెండు ముక్కలు చేసి, వానలు పడ్డాక ఒక ఏడాది ఈ సగం ఇంకో ఏడాది ఆ సగం తాడు కట్టి వదిలేస్తే సరి. ఆ వదిలేసిన సగంలో మందులు కొట్టకపోతే తొలకరికి ఆరుద్ర పురుగులు కూడా వస్తాయి, తాడు ఇవతల కూర్చుని వాటిని చూడనివ్వాలి పిల్లల్ని.