గీత దగ్గర ఆగమన్నారు, సరేనన్నాను, దాటేశాను

"ఒక ఫోన్ నంబర్ చెబుతాను, రాసుకోండి" అని ఎయిర్‌పోర్టు కంట్రోల్ టవర్ నుంచి రేడియోలో వినబడిందంటే పైలట్ ఏదో తప్పు చేశాడని అర్థం. నాకు లైసెన్సు వచ్చి ఎనిమిది నెలలైంది, లాగ్‌బుక్కులో 110 గంటలున్నాయి. ఆ మాట మొదటిసారి అప్పుడు విన్నాను.

ఉండేది డాలస్ దగ్గర, ఉద్యోగం సాఫ్ట్‌వేరు. వారాంతాల్లో సెస్నా 172 అనే చిన్న విమానాన్ని అద్దెకు తీసుకుని ఎగరడం నా పిచ్చి. ఆ రోజు ఖమ్మం నుంచి వచ్చిన మా బావని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని గంటసేపు తిప్పి తెచ్చాను. మా ఎయిర్‌పోర్టులో పక్కపక్కనే రెండు రన్‌వేలు. అవతలి దాని మీద దిగితే, పార్కింగుకి రావడానికి ఇవతలి దాన్ని దాటాలి. దిగి పక్కకి తిరుగుతుంటే టవర్ 'హోల్డ్ షార్ట్' అంది. అంటే గీత దగ్గర ఆగి, దాటమనేదాకా కదలకూడదు. ఆ ఆదేశాన్ని పైలట్ తిరిగి అప్పజెప్పి తీరాలి. పొల్లు పోకుండా అప్పజెప్పాను.

బావ నా భుజం తట్టి "భలే దింపావురా!" అన్నాడు. నవ్వాను. దిగేటప్పుడు కిందకి దించే రెక్కల వెనక పలకల్ని, అంటే ఫ్లాప్స్‌ని, పైకి తీద్దామని లివర్ మీద చెయ్యి వేసి తల వంచాను. తల ఎత్తేసరికి పసుపు గీతలు విమానం ముక్కు కిందకి వెళ్లిపోతున్నాయి. బ్రేకులు తొక్కేలోపే టవర్ గొంతు మారింది. నన్ను ఆగమని, దిగడానికి వస్తున్న ఇంకో చిన్న విమానాన్ని మళ్లీ పైకి లేవమని ఒకే ఊపిరిలో చెప్పింది. ఆ విమానం మా ముందు నుంచే రొద చేసుకుంటూ పైకి పోయింది. బావ దాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు, చాలా బాగుందన్నాడు.

ఆ గీతలు నాలుగు. ఆగాల్సినవాడి వైపు రెండు నిండు గీతలు, రన్‌వే వైపు రెండు తెగిన గీతలు, పక్కన ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు. నేను ఆగిన చోటికి అసలు రన్‌వే ఇంకా కొంత దూరంలోనే ఉంది. అయినా అనుమతి లేకుండా ముక్కు గీత దాటితే చాలు, అది రన్‌వే ఇన్‌కర్షన్, అంటే రన్‌వేలోకి చొరబడటం, కిందే లెక్క.

ఇంజన్ ఆపి ముందు మా ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేశాను. టవర్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు, రాత్రికి నాసా ఫారం నింపమన్నాడు. టవర్‌లో ఆయన మర్యాదగానే మాట్లాడాడు. పేరు, లైసెన్సు నంబరు అడిగి, విషయం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకి వెళుతుందన్నాడు.

ఇక మొదలైంది టెన్షన్. నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఇక్కడ విదేశీయుడు పైలట్ శిక్షణ మొదలుపెట్టాలంటేనే ముందు వేలిముద్రలిచ్చి, రవాణా భద్రత చూసే టీఎస్‌ఏ అనుమతి తెచ్చుకోవాలి. అలాంటిది ఎఫ్‌ఏఏ ఫైలు తెరిస్తే వీసా ఏమవుతుందో అని మూడు రాత్రులు నిద్ర లేదు. వాట్సాప్ గ్రూపులో అడగడం ఇంకో పొరపాటు. ఒకడు లాయర్ని పెట్టుకోమన్నాడు, ఇంకొకడు లైసెన్సు పోయినట్టే అన్నాడు. ఇద్దరూ జన్మలో విమానం నడిపినవాళ్లు కారు.

నాసా ఫారం సంగతి చాలామందికి తెలియదు. 1976 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. తప్పు చేసిన పైలట్ పది రోజుల్లోపు జరిగింది రాసి పంపితే, నాసా అతని వివరాలు తీసేసి ఆ సమాచారాన్ని భద్రత కోసం వాడుకుంటుంది. తప్పు కావాలని చేసింది కాకపోతే, నేరమో ప్రమాదమో కాకపోతే, గత ఐదేళ్లలో ఇంకే ఉల్లంఘనా రుజువు కాకపోతే, ఎఫ్‌ఏఏ తప్పు తేల్చినా శిక్ష వెయ్యదు. ఫారం పైభాగంలో మన పేరుండే ముక్కని చింపి, తేదీ ముద్ర వేసి తిరిగి పంపుతారు. అదే మనకి రసీదు.

మూడు వారాలకి ఎఫ్‌ఏఏ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేస్తావు అని అడిగాడు. గీతల రంగు వెలిసిపోయిందని చెబుదామని నోటిదాకా వచ్చింది. వెలిసిపోలేదు. తల వంచానని చెప్పాను. 2015 నుంచి ఎఫ్‌ఏఏ పద్ధతి మారిందట. కావాలని చేయనివాడు, దాపరికం లేకుండా ఒప్పుకున్నవాడు అయితే లైసెన్సు మీదకి పోకుండా శిక్షణతో సరిపెడుతున్నారు. నటుడు హారిసన్ ఫోర్డ్ కూడా 2020లో కాలిఫోర్నియాలోని హాథార్న్‌లో ఆగమన్నా వినిపించుకోక రన్‌వే దాటేశాడు, ఆయనకీ శిక్షణే. ఇది చదివాక ఎందుకో కాస్త ఊరట కలిగింది.

నాకు పడింది ఒక ఆన్‌లైన్ కోర్సు, ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక గంట పాఠం, ఇంకో గంట విమానంలో. పాఠంలో ఆయన మిలాన్‌లోని లినాటే ఎయిర్‌పోర్టు ప్రమాదం చదివించాడు. 2001 అక్టోబర్ 8, దట్టమైన పొగమంచు. ఒక చిన్న సైటేషన్ జెట్ వెళ్లాల్సిన టాక్సీవే (రన్‌వేకి, పార్కింగుకి మధ్య దారి) వదిలి ఇంకోదాంట్లోకి తిరిగి, టేకాఫ్ తీసుకుంటున్న ఎస్‌ఏఎస్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానానికి అడ్డంగా వచ్చేసింది. 118 మంది పోయారు. అక్కడ టాక్సీవే గుర్తులు సరిగ్గా లేవు, నేల మీది రాడార్ పనిచేయడం లేదు. నాకు ఎండ ఉంది, గీతలున్నాయి, బోర్డుంది. అది చదివాక చాలాసేపు మాట రాలేదు.

విమానంలో గంటంతా నేల మీదే గడిచింది. ఎయిర్‌పోర్టు పటం తొడకి కట్టుకుని, ఆగమన్న చోటు దానిమీద రాసుకుంటూ తిరిగాం. రన్‌వే గీతలన్నీ దాటి విమానం పూర్తిగా ఆగేదాకా ఫ్లాప్స్, లైట్లు దేన్నీ ముట్టుకోనివ్వలేదు. మా ఎయిర్‌పోర్టు పటంలో నేను దాటిన చోటు హాట్ స్పాట్, అంటే పొరపాట్లు జరిగే చోటు, అని గుండ్రంగా చుట్టి ఉంది. లైసెన్సు తీసుకున్నప్పటి నుంచి ఆ పటం నా బ్యాగులోనే ఉంది.

కోర్సు సర్టిఫికెట్లు పంపిన పది రోజులకి కేసు మూసేసినట్టు ఉత్తరం వచ్చింది. వీసాకి ఏమీ కాలేదు.

బావ ఇండియా వెళ్లే ముందు మళ్లీ ఒకసారి తీసుకెళ్లాను. బయల్దేరే ముందే, దిగాక నేను చెప్పేదాకా మాట్లాడొద్దన్నాను. దిగాం. గీత దగ్గర ఆగాం. దాటమన్నారు, దాటాం. పార్కింగులో ప్రొపెల్లర్ ఆగాక కూడా పక్కనుంచి చప్పుడు లేదు. చూస్తే రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాడు.