యాడ్ బ్లాకర్‌ను పసిగట్టే స్క్రిప్టు

ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ వాడితే మూడు వీడియోల తరువాత ప్లేయర్ ఆగిపోతుందని 2023లో యూట్యూబ్ హెచ్చరించినప్పుడు, చర్చంతా ఆదాయం చుట్టూనే తిరిగింది. వీడియోలు తీసేవారికి డబ్బు రావాలన్న మాటతో నాకు పేచీ లేదు. అభ్యంతరమల్లా ఆ హెచ్చరిక వెనుక జరిగే పనితోనే. ఇలాంటి తనిఖీలలో, పేజీతోపాటు వచ్చిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, మన బ్రౌజరులోనే నడుస్తూ, ప్రకటనకు కేటాయించిన చోటు ఖాళీగా ఉందా, దాని కోసం పంపిన అభ్యర్థన మధ్యలో ఆగిందా అని చూస్తుంది. ఆన్‌లైన్ గోప్యతపై యూరోపియన్ యూనియన్ చేసిన ఈప్రైవసీ డైరెక్టివ్ అనే చట్టం 5(3) అధికరణం ప్రకారం, వినియోగదారు పరికరంలోని సమాచారాన్ని చూడాలంటే, కోరిన సేవకు అది తప్పనిసరి అయితే తప్ప, ముందుగా సమ్మతి పొందాలి. యూట్యూబ్ తనిఖీపై ఐర్లండు డేటా రక్షణ కమిషన్‌కు 2023లో అందిన ఫిర్యాదు సారాంశం ఇదే. వీడియో చూపడానికి ఈ తనిఖీ అవసరమే లేదు కనుక, ఆ వాదన నాకు సబబుగానే తోస్తుంది. పైగా చాలా బ్లాకర్లు, మనం ఏం చూస్తున్నామో గమనించే ట్రాకర్లను కూడా ఆపుతాయి. బ్లాకర్ మాని యూట్యూబ్‌కు చందా కడితే ప్రకటనలు పోతాయి గాని, సెట్టింగులలో ఆపుకుంటే తప్ప, చూసిన వీడియోల చిట్టా ఖాతాలో పేరుకుంటూనే ఉంటుంది.