తామరాకులతో ఒక రోజు

కాజీపేటలో పొద్దున్నే ట్రైన్ ఎక్కగానే, ఎదురు సీట్లో పెద్దావిడ నా సంచీ చూసి, "గిన్ని తామరాకులేంది బిడ్డా, ఇంట్ల విందున్నదా?" అంది. మైక్రోస్కోప్‌లో చూడ్డానికంటే నమ్మలేదు.

నీళ్లు అంటని ఆకు గుట్టేమిటో కళ్లారా చూడాలని నా ఆశ. మా కాలేజీ మైక్రోస్కోప్ కింద ఉత్త పచ్చదనమే కనిపించింది. కాంతితో చూస్తే దాదాపు 200 నానోమీటర్ల దగ్గరే హద్దు. అంతకంటే దగ్గరున్న రెండు చుక్కలు ఒకటైపోతాయి. ఎలక్ట్రాన్ల తరంగదైర్ఘ్యం కాంతి కంటే వేల రెట్లు చిన్నది, కాబట్టి వాటితో ఇంకా సన్నని వివరాలు చూడొచ్చు. అందుకే హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద గంట స్లాట్ కోసం నెల్రోజులు ఆగాను.

పచ్చి ఆకులు చూడగానే ఆపరేటర్ సార్ చెయ్యి అడ్డం పెట్టారు. "తడి ఉంటే వాక్యూమ్ నిలవదమ్మా. గాలి ఉంటే ఎలక్ట్రాన్లు దారి తప్పుతాయి." నయం, నీడలో ఎండబెట్టిన ముక్కలు కూడా తెచ్చాను. ఒకదాన్ని కార్బన్ టేప్‌తో అల్యూమినియం బిళ్ల మీద అతికించారు. బంగారు పూత వద్దు, టైమ్ పోతుందని నేనే తొందరపెట్టాను. తీరా చూస్తే తెర నిండా తెల్లటి చారలు, బొమ్మ పక్కకి జారిపోతోంది. ఆకులోంచి కరెంటు పారదు కదా, పడిన ఎలక్ట్రాన్లు అక్కడే పోగుపడ్డాయి. బయటికి తీసి, కొన్ని నానోమీటర్ల బంగారం పూసి, మళ్లీ గాలి లాగేసరికి సగం గంట హుష్. 1931లో బెర్లిన్‌లో తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీద పనిచేసిన ఎర్నెస్ట్ రుస్కాకి నోబెల్ 1986లో గానీ రాలేదు. నాకేమో అరగంటకే టెన్షన్.

ఈసారి కనిపించింది! ఆకంతా పుట్టలు, ఒక్కోటి సుమారు 10 మైక్రోమీటర్లు. ఇంకా దగ్గరికెళితే పుట్టల మీద సేమ్యా చల్లినట్టు మైనపు గొట్టాలు. నీటిబొట్టు ఆ మొనల మీదే కూర్చుంటుంది, కింద అంతా గాలి. సన్నని ఎలక్ట్రాన్ పుంజం వరుసలుగా పాకుతుంటే, పైకి ఎగిరొచ్చే ఎలక్ట్రాన్లను పట్టి చుక్క చుక్కగా గీసిన బొమ్మ అది. వెలుగే లేదు కాబట్టి రంగూ లేదు, అంతా బూడిదే. కొన్ని పుట్టలు సొట్టపోయి ఉన్నాయి. ఆకు తీరే అంతా, నేను ఎండబెట్టిన తీరా? సార్ కూడా తేల్చలేకపోయారు. వెనక్కి జూమ్ చేస్తే, మేం చూసినంత మేరా దిష్టి తగిలినట్టు నల్లటి నలుచదరం.

"సార్, నీటిబొట్టుతో సహా చూడలేమా?"

"దానికి వేరే రకం మిషన్ ఉందమ్మా, ఇది కాదు."

తిరుగు ట్రైన్‌లో మిగిలిన పచ్చి ఆకు పరిచి ఇడ్లీలు పెట్టుకున్నాను. ఇడ్లీలు నిలిచాయి. పల్చటి చట్నీ మాత్రం తిన్నగా నా చున్నీ మీదికి జారింది.