కెయిర్న్‌గార్మ్ గాలి

కొండ ఎక్కించడానికి డబ్బులు తీసుకునే గైడ్లు ఉంటారని స్కాట్లాండ్‌లోని ఇన్వర్నెస్‌కి నర్సుగా వచ్చాకే తెలిసింది. మన దగ్గర కొండెక్కితే పైన గుడైనా ఉంటుంది, ఇక్కడ రాళ్ల కుప్పే. అయినా స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండలు 282 ఉన్నాయట. వాటిని మన్రోలంటారు. అన్నీ ఎక్కేయాలని పంతం పట్టినవాళ్లు మా వార్డులోనే ఉన్నారు. వాళ్ల పోరు పడలేక జనవరిలో ఒక ఆఫ్ రోజున నేనూ, తోటి మలయాళీ నర్సూ బయల్దేరాం.

ఎవిమోర్ దాటి స్కీ సెంటర్ దగ్గర దిగుతుంటే గాలి కారు తలుపును చేతిలోంచి లాక్కుంది. పైన మైనస్ 5, గాలి గంటకు 60 కిలోమీటర్లు, ఒంటికి మాత్రం మైనస్ 16లా తగులుతుందని గైడ్ ఆవిడ చెప్పింది. 1,245 మీటర్ల ఈ కెయిర్న్‌గార్మ్ మీదే 1986 మార్చి 20న గంటకు 278 కిలోమీటర్ల గాలి నమోదైంది. బ్రిటన్‌లో అదే రికార్డు. విశాఖలో హుద్‌హుద్ చూసినదాన్ని, ఆ అంకె విన్నాక ఇంక మాట్లాడలేదు.

బూట్లకి ఇనప పళ్ల క్రాంపాన్లు, చేతిలో ఐస్ యాక్స్. గాలి విసురు ముందుగా వినిపిస్తుంది. వెంటనే కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, యాక్స్ మంచులో గుచ్చి అది పోయేదాకా ఆగాలి.

దారంతా ఆవిడ మమ్మల్ని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. పొద్దున ఏం తిన్నారు, మీ ఊళ్లో చలి ఉంటుందా అని. కబుర్లనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, నేను రాత్రి డ్యూటీలో మంచం మంచానికీ తిరిగి చేసే పనే ఇది. చలికి మాట ముద్దగా వస్తోందా, అడుగు తడబడుతోందా, వేళ్లు జిప్ లాగగలుగుతున్నాయా!

బృందంలో ఒక కుర్రాడు బ్యాగు బకిల్ పెట్టుకోలేకపోతూ కూడా "బాగానే ఉన్నా" అన్నాడు. ఆవిడ వెంటనే నారింజ రంగు నైలాన్ సంచి ఒకటి విప్పి అందరి నెత్తిన కప్పి కూర్చోబెట్టింది. గాలి హోరు తగ్గింది, అందరి ఊపిరితో లోపల వెచ్చబడింది. నా జంతికలు చేతులు మారాయి. మందపాటి గ్లవ్స్‌తో పులిహోర తినలేం గానీ జంతికలు భేషుగ్గా తినొచ్చు.

"ఇక దిగుదాం" అంది. డబ్బు కట్టాం కదా, శిఖరం ఇక్కడే కదా అని ఒకాయన గొణిగాడు. పైన చాటు లేదు, ఎగిరే మంచులో నేలా ఆకాశం కలిసిపోతాయి, నాలుగింటికే పొద్దు గూకుతుంది అని చెప్పింది. సారీ మాత్రం చెప్పలేదు. అదే నన్ను పట్టేసింది. అర్ధరాత్రి డాక్టర్‌కి ఫోన్ చేసి "పేషెంట్ కాస్త తేడాగా ఉన్నారు" అనడానికి ముందు నేను రెండు సారీలు చెబుతాను.

కుర్రాడికి కింద కెఫేలో వేడి చాక్లెట్ పట్టించాం. ఫిబ్రవరిలో ఇంకో తేదీకి మేమిద్దరం డబ్బు కట్టాం. ఆ రోజైనా పైదాకా తీసుకెళ్తానని ఆవిడ మాటివ్వలేదు.