మాతాతీర్థంలో అక్క

మనకు చైత్ర బహుళ అమావాస్య. నేపాల్లో పౌర్ణమితో నెల మారుతుంది కాబట్టి వాళ్ళకది వైశాఖ అమావాస్య, అమ్మల కోసం జరుపుకునే మాతాతీర్థ ఔంసీ. ఔంసీ అంటే అమావాస్యే. 2025లో ఏప్రిల్ 27న వచ్చింది. పశుపతినాథుడి దర్శనానికి ఎలాగూ వెళ్తున్నాం, ఆ రోజుకి ఖాట్మండులో ఉండేలా టికెట్లు తియ్యమని అక్క పట్టుబట్టింది.

కలంకి దాటి, థాన్‌కోట్ వైపు కొంతదూరం పోయాక జనంలో టాక్సీ కదల్లేదు. దిగి నడిచాం. చంద్రాగిరి కొండల కింద రెండు కొలనులు, అదే మాతాతీర్థం. పెద్దదాంట్లో స్నానాలు. చిన్నదాని దగ్గరే అసలు తోపులాట. వెనకటికి తల్లిని పోగొట్టుకున్న ఓ పశువులకాపరి ఈ అమావాస్యనాడు తన తిండి ఈ నీళ్ళలో వదిలితే, తల్లి మొహం కనిపించిందట, చెయ్యి చాచి అందుకుందట. ఆ తర్వాతెప్పుడో అలా కనిపించడం ఆగిపోయిందంటారు. అయినా వచ్చినవాళ్ళంతా వంగి చూస్తూనే ఉన్నారు. నేనూ చూశాను. పాలు, పువ్వులు, కుంకుమ కలిసి నీళ్ళు చిక్కబడిపోయాయి.

మా ఇంట్లో అమ్మ తద్దినం నా చేతుల మీదుగా జరుగుతుంది. అక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది, భోక్తలు లేచాక ఇంత తింటుంది, అంతే. ఇక్కడ గట్టు పొడుగునా ఆడవాళ్ళే. ఒకావిడ పక్కకు జరిగి చోటిచ్చింది, మెట్టు జారుడుగా ఉందని అక్క మోచెయ్యి పట్టుకుంది. ఆకుదొప్పలో నువ్వులు, పువ్వులు పెట్టి వదిలి, దోసిలితో నీళ్ళు తీసుకుని "అమ్మా, తీసుకోవే" అంది అక్క. నువ్వుగింజలు నాలుగు దాని వేళ్ళకే అంటుకుంటే మళ్ళీ నీళ్ళలో ముంచి కడిగింది, ఒక్కటీ మిగలకుండా. కొడుక్కి ఎంత తల్లో కూతురికీ అంతే. మన వైపు కూతుళ్ళకి ఈ చోటు ఇవ్వకపోవడం అన్యాయం, ఎవరేమన్నా నేనిదే అంటాను.

పురోహితుడికి బియ్యం, పప్పు, ఉప్పు, కూరలు ఇచ్చాం, మన స్వయంపాకం లాగే. వాళ్ళు సీదా అంటారు.

తల్లి ఉన్నవాళ్ళకి మాత్రం ఇది అమ్మ మొహం చూసే రోజు. తిరిగొస్తుంటే దారంతా మిఠాయి డబ్బాలు, పళ్ళు, కొత్త బట్టలు పట్టుకుని పుట్టిళ్ళకి వెళ్ళే కూతుళ్ళే. అక్క ఓ దుకాణం ముందు ఆగి కిలో లాల్‌మోహన్ కట్టించింది. సామర్లకోటలో పిన్నికి వీడియో కాల్ చేసింది.

"ఏవిటే, ఇప్పుడు చేశావ్? పొయ్యి మీద పులుసుంది."

"అది దింపేసి రా పిన్నీ. కాసేపు నీ మొహం చూడాలి."